ఎలర్జీకి పేరు పెట్టిన పిల్లల డాక్టరు

మా బాబుకి గుడ్డు పడదండీ, మా పాపకి వేరుశనగ పెడితే దద్దుర్లండీ... ఇలాంటి మాటలు మనం రోజూ వింటూనే ఉంటాం. అది ఎలర్జీ అని మనమే తేల్చేస్తాం కూడా. ఆ మాటను వైద్యానికి ఇచ్చింది క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు.

ఆయన 1874లో ఆస్ట్రియాలోని వియన్నా దగ్గర కలవారింట పుట్టారు. మొదట క్రైస్తవ మతశాస్త్రం చదివారు. తర్వాత మనసు వైద్యం మీదికి మళ్లింది. 1900లో డాక్టరు పట్టా పుచ్చుకుని వియన్నాలో పిల్లల ఆసుపత్రిలో చేరారు.

ఆ రోజుల్లో డిఫ్తీరియా వచ్చిన పిల్లలకు గుర్రం రక్తం నుంచి తీసిన సీరం ఎక్కించేవారు. ప్రాణం నిలిచేది. కానీ కొందరికి కొన్నాళ్లకు జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు వచ్చేవి. రెండోసారి ఇస్తే ఇంకా త్వరగా వచ్చేవి. ఎందుకిలా? పిర్కే, తోటి డాక్టరు బేలా షిక్ కలిసి ఓపిగ్గా గమనించారు. మొదటి పరిచయంతోనే ఒంటి తీరు మారిపోతోందని గ్రహించి, 1905లో పుస్తకం వేశారు. మారిన ఆ తీరుకే పిర్కే 1906లో ఎలర్జీ అని పేరు పెట్టారు. ఆయన దృష్టిలో ఆ మార్పు చెడుకే కాదు, మంచికీ కావచ్చు. టీకాతో మశూచిని తట్టుకునే శక్తి రావడం కూడా అలాంటి మార్పే.

మరుసటి ఏడాది, చర్మం మీద చిన్న గీత గీసి క్షయ సోకిందో లేదో చూసే పరీక్ష కనిపెట్టారు.

మొదటి ప్రపంచయుద్ధం వియన్నా పిల్లలను ఆకలిలోకి నెట్టింది. ఏ పదార్థం ఎంత బలమో తల్లులకు తేలిగ్గా తెలియాలని, ఒక గ్రాము పాలను కొలతగా పెట్టి ఆయన లెక్క కట్టారు. అమెరికా సాయంతో లక్షల మంది పిల్లలకు భోజనం పెట్టించే పనిని దగ్గరుండి నడిపించారు. ఇంతమంది పిల్లల్ని కాపాడిన మనిషి 1929లో భార్యతో కలిసి ఆత్మహత్య చేసుకోవడం విషాదం.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఎలర్జీ భయం ఉన్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దంది. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకుంది. 2015లో లండన్ పరిశోధన అసలు సంగతి బయటపెట్టింది. తీవ్రమైన గజ్జిలాంటి ఎగ్జిమాగానీ, గుడ్డు ఎలర్జీగానీ ఉన్న 640 మంది పసివాళ్లకు ముందు చర్మం మీదే పరీక్ష చేశారు. ఏడాది లోపే వేరుశనగ మొదలుపెట్టి, అయిదేళ్లు వచ్చేదాకా తిన్నవారిలో ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. మొదటి పరిచయం ఒంటిని మంచికీ మార్చగలదన్న పిర్కే ఆలోచన గుర్తుకు రావడం లేదూ!

కాబట్టి భయపడి అన్నీ మాన్పించకండి. ఆరు నెలలు నిండాక తల్లిపాలతోపాటు ఒక్కో పదార్థం కొద్దికొద్దిగా అలవాటు చేయండి. వేరుశనగ గింజలు గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా నూరి పల్చగా కలిపి పెట్టాలి. ఒంటి మీద ఎగ్జిమా ఎక్కువగా ఉన్నా, ఏదైనా ఇప్పటికే పడకపోయినా ముందు డాక్టరుకు చూపించాకే పెట్టండి.