తిరగలి తిప్పిన చేతులు

కొత్తగా కాపురం పెట్టిన మన పిల్లలకు హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటి సంగతి చెప్పాలని మాకు ఎప్పట్నించో వుంది.

హిజ్రీ 2వ సంవత్సరంలో (క్రీ.శ. 624) మదీనాలో హజ్రత్ అలీ (రజి)తో ఆమె నిఖా జరిగింది. పెళ్ళికొడుకు చేతిలో పైకం లేదు. తన యుద్ధకవచాన్నే మెహర్ కింద ఇచ్చుకున్నారు. ఇంట్లో సామానంటే ఒక దుప్పటి, నీళ్ళ తిత్తి, పీచు కూరిన తోలు దిండు, తిరగలి. అంతే.

625లో హసన్, 626లో హుసేన్ పుట్టారు. తర్వాత జైనబ్, ఉమ్మె కుల్సూమ్. సంసారం పెరిగింది, చాకిరీ పెరిగింది. పిండి విసిరి ఆమె చేతులు బొబ్బలెక్కేవి. నీళ్ళు తోడి తోడి ఆయనకు రొమ్ము నొప్పి పుట్టేది. ఒకసారి పనిమనిషి కోసం ఆమె పుట్టింటికి వెళ్ళారు. తండ్రిగారు దైవప్రవక్త (స) ఇంట లేకపోతే, హజ్రత్ అయేషా (రజి)తో చెప్పి తిరిగొచ్చారు. ఆ రాత్రి ఆయనే వచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నారు. మస్జిదు అరుగు మీద పేదలు ఆకలితో వుండగా కూతురికి పనిమనిషినివ్వడానికి ఆయన మనసొప్పలేదు. పడుకునేముందు 33 సార్లు సుబ్హానల్లాహ్, 33 సార్లు అల్ హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ చదువుకోమని నేర్పి వెళ్ళారు.

తండ్రి పోయిన కొద్ది నెలలకే, 632లో, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా ఆమె కన్నుమూశారు.

కట్నం లెక్కలతో మొదలయ్యే కాపురాలు మనం చూస్తూనే వున్నాం గదా! ఆ ఇల్లు నిలిచింది ఇద్దరి కష్టం మీద. రాత్రి తస్బీహ్ చదివేటప్పుడు ఆ బొబ్బలెక్కిన చేతుల్ని ఒక్కసారి తలచుకుందాం.