పాదరస బిందువుల పరిశోధకుడు: యారోస్లావ్ హేరోవ్‌స్కీ

ఔషధానికీ విషానికీ మధ్యనున్న అంతరం అనేక సందర్భాలలో మోతాదు మాత్రమే. మింగిన మందు రోగి రక్తంలో ఎంత చేరినదో తెలియనిదే వైద్యుడు నిశ్చయంగా ముందుకు సాగలేని ఘట్టాలు కలవు. ఈ ప్రశ్నకు విద్యుత్తు చేత సమాధానం చెప్పించే మార్గానికి పునాది వేసిన యారోస్లావ్ హేరోవ్‌స్కీ జీవితాన్ని మా తోటి విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ఆయన 1890 డిసెంబరు 20న ప్రాగ్ నగరంలో జన్మించారు. తండ్రి రోమన్ న్యాయశాస్త్ర ఆచార్యులు. కుమారుని మనసు మాత్రం భౌతిక, రసాయన శాస్త్రాలపై లగ్నమైనది. 1913లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో పట్టభద్రులై విద్యుద్రసాయన పరిశోధన చేపట్టారు. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన సైనిక వైద్యశాలలో మందులు కూర్చుతూ, ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తూ ఆ కాలం గడిపారు.

1918లో ప్రాగ్‌లో డాక్టరేటు పరీక్ష సందర్భంగా ఆచార్య బొహుమిల్ కుచెరా ఆయన ముందొక చిక్కుముడి ఉంచారు. సన్నని గాజునాళం నుండి రాలే పాదరస బిందువుల తలతన్యతకు సంబంధించిన సమస్య అది. బిందువులను పోగుచేసి తూచడం మిక్కిలి శ్రమతో కూడిన పని. కొన్నేళ్లు ఆ శ్రమకు ఓర్చిన పిమ్మట హేరోవ్‌స్కీ, బిందువు బరువుకు బదులు దాని ద్వారా ప్రవహించే విద్యుత్తును కొలిచారు. 1922 ఫిబ్రవరిలో ఫలితం లభించింది. వోల్టేజిని క్రమంగా పెంచుతూ పోగా, ద్రావణంలోని పదార్థం తనకు తగిన వోల్టేజి వద్ద ఎలక్ట్రానులను గ్రహిస్తుంది; అప్పుడు విద్యుత్ప్రవాహం మెట్టువలె లేస్తుంది. మెట్టు లేచిన చోటు పదార్థమేదో తెలుపుతుంది; మెట్టు ఎత్తు అది ఎంత ఉన్నదో తెలుపుతుంది. ప్రతి బిందువూ రాలిపోయి కొత్తది వచ్చును గనుక ఎలక్ట్రోడు తలం ఎప్పటికప్పుడు నిర్మలంగా ఉంటుంది.

ఈ రేఖను తనంతట తానే నమోదు చేసే పోలరోగ్రాఫ్ యంత్రాన్ని జపాను శాస్త్రజ్ఞులు మసుజో షికాతాతో కలిసి 1925లో లోకానికి వివరించారు. 1939లో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేసినప్పుడు, నాజీ వ్యతిరేకియైన జర్మన్ ఆచార్యులు యోహాన్ బోమ్ తోడ్పాటుతో ఆయన పరిశోధన కొనసాగింది. 1959లో నోబెల్ బహుమతి లభించింది. 1967 మార్చి 27న ఆయన కన్నుమూశారు.

క్లోరాంఫెనికాల్ వంటి మందుల అణువులు పాదరసం వద్ద ఎలక్ట్రానులను గ్రహిస్తాయి గనుక వాటి పరిమాణాన్ని ఈ పద్ధతితో లెక్కించగలిగారు. అయితే రక్తంలోని ప్రోటీన్లు ఎలక్ట్రోడును కప్పి కొలతకు అడ్డుపడతాయి. పైగా పాదరసమే విషం. అందువలన తరువాతి వారు కర్బన ఎలక్ట్రోడులను ఆశ్రయించారు. 1962లో లీలాండ్ క్లార్క్ ఎలక్ట్రోడుకు ఎంజైమును జోడించే మార్గం చూపారు. నేడు మధుమేహ రోగి వేలికొన రక్తాన్ని పరీక్షించే పట్టీ ఆ మార్గంలోనిదే. మందులను గుర్తించే బయోసెన్సర్లు కూడా అట్టివే.

తొలి ఫలితానికీ నోబెల్ బహుమతికీ మధ్య 37 సంవత్సరాలు గడిచినవి. కొలత కుదరనప్పుడు సమస్యను విడువక, కొలిచే తీరును మార్చిన ఆ బుద్ధిని మనం ప్రయోగశాలలో అలవరచుకొనవలసి ఉన్నది.