శాస్త్రిగారి సోమవారం పస్తు

లాల్ బహదూర్ శాస్త్రిగారు 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయ్‌లో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. కాశీ విద్యాపీఠ్‌లో చదివిన పట్టా పేరే ఆయన పేరులో కలిసిపోయింది. 1956లో మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు, నెహ్రూగారు ఒప్పుకోలేదు. అదే ఏడు అరియలూరు ప్రమాదం తర్వాత పట్టుబట్టి పదవి వదిలేశారు.

1964 జూన్‌లో ప్రధాని అయ్యారు. పొట్టి మనిషి, మెత్తని మాట. ఈయనేం యుద్ధం చేస్తాడన్నవాళ్లూ ఉన్నారు. 1965 సెప్టెంబరు 6న మన సేన లాహోర్ వైపు సరిహద్దు దాటింది. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. పూటపూటా వార్తల కోసం ఊరంతా పంచాయతీ రేడియో దగ్గర చేరేది. ఆ ఏడు దేశంలో తిండిగింజలకు కటకట. వారానికో పూట భోజనం మానమని శాస్త్రిగారు కోరారు. ముందు తన ఇంట్లో మానిపించి మరీ కోరారు. సోమవారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఎవరూ బలవంతపెట్టలేదు.

1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందంపై సంతకం చేసి, ఆ రాత్రే అక్కడే కన్నుమూశారు. ఆ ఏడే భారతరత్న ఇచ్చారు.

తర్వాత నేనూ యూనిఫాం తొడిగాను. పోస్టుకు రేషన్ లారీ వచ్చినప్పుడల్లా, అందులో ఎవరో మానుకున్న పూట ఉందనిపించేది.