లేని దేవుని మీద కోపం

అమ్మ బతకాలని తొమ్మిదేళ్ల పిల్లవాడు ప్రార్థన చేశాడు. అమ్మ బతకలేదు. 1908 ఆగస్టు 23న, సరిగ్గా భర్త పుట్టినరోజునాడే, ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఫ్లోరా లూయిస్ కేన్సర్‌తో కన్నుమూశారు. ఆమె ఒక పాదిరిగారి కుమార్తె, ఆ రోజుల్లోనే గణితంలో పట్టా పొందిన విద్యావంతురాలు. తల్లిని సమాధి చేసి నెల తిరగకుండానే తండ్రి ఆ పిల్లవాణ్ణి సముద్రం దాటించి ఇంగ్లండ్‌లో ఒక బోర్డింగు స్కూల్లో చేర్చాడు. బెత్తమే తప్ప చదువు లేని స్కూలది. ఆ హెడ్మాస్టరుకు మతి చెడిందని ఆ తర్వాత తేలింది. నార్నియా కథల రచయితగా మన పిల్లలకు కూడా తెలిసిన సి.ఎస్.లూయిస్ బాల్యం అలా గడిచింది.

పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆయనలోని విశ్వాసం ఎండిన ఆకులా రాలిపోయింది. ఎవరో వచ్చి వాదించి గెలిచినందువల్ల కాదు. ప్రతి రాత్రీ చేసే ప్రార్థనలో ఒక్కొక్క మాటనూ మనసు పెట్టి పలికానా లేదా అని ఆ బాలుడు తనను తానే పీడించుకునేవాడు. దేవుడే లేడనుకుంటే ఆ బాధ తప్పుతుంది. పైగా గ్రీకు, రోమన్ దేవతలందరూ కల్పితమేనని చెప్పే ఉపాధ్యాయులు క్రైస్తవం ఒక్కటే ఎందుకు నిజమో ఎన్నడూ వివరించలేదు. సండే స్కూలు నడిపేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన సంగతి ఇది.

1914లో తండ్రి ఆయన్ను సర్రే ప్రాంతంలోని గ్రేట్ బుకమ్ గ్రామానికి, కిర్క్‌పాట్రిక్ అనే వృద్ధ ఉపాధ్యాయుని దగ్గరికి పంపాడు. ఆయన పక్కా నాస్తికుడు. అయినా ప్రెస్బిటేరియన్ కుటుంబంలో పెరిగిన అలవాటు పోక, ఆదివారం నాడు తోటపని చేసేటప్పుడు కాస్త మంచి సూటు వేసుకునేవాడట! రైలు దిగిన కుర్రవాడు ఏదో ఒకటి మాట్లాడాలని, ఈ ప్రాంతం నేననుకున్నదానికంటే అడవిలా ఉందని అన్నాడు. అంతే, అడవిలా అంటే ఏమిటి, ఏ ఆధారంతో అలా అనుకున్నావని ఆ పెద్దాయన స్టేషను నుంచి నడిచి వెళ్లే దారిలోనే నిలదీశాడు. ఆధారం లేని మాట అనకూడదన్న క్రమశిక్షణ లూయిస్‌కు అబ్బింది అక్కడే. తర్వాతి కాలంలో క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థించడానికి ఆయన వాడిన పనిముట్లన్నీ ఆ నాస్తికుడు పదును పెట్టి ఇచ్చినవే. ఆ గురువు నిజాయితీని లూయిస్ జీవితాంతం గౌరవించాడు. అదే సంవత్సరం డిసెంబరులో, నమ్మకం లేకుండానే, తండ్రిని ఎదిరించే ధైర్యం చాలక చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకున్నాడు. అది తన జీవితంలోని నీచమైన పనుల్లో ఒకటని తర్వాత బాధపడ్డాడు.

యుద్ధం వచ్చింది. సరిగ్గా 19వ పుట్టినరోజున ఫ్రాన్స్‌లోని యుద్ధరంగానికి చేరాడు. 1918 ఏప్రిల్‌లో పక్కనే పేలిన ఫిరంగి గుండు తోటి సార్జెంటును బలి తీసుకుంది. ఇనుప ముక్కలు లూయిస్ ఒంట్లో దిగాయి. ప్యాడీ మూర్ అనే స్నేహితుడు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. అతని తల్లిని 1951లో ఆమె మరణించేదాకా లూయిస్ పోషించాడు. ఆ రోజులు మొదలైనప్పుడు ఆయన నాస్తికుడే. దేవుని నమ్మనివాడు నీతిగా బతకలేడని సులువుగా అనేసేవారికి ఈ ఒక్క సంగతి చాలు.

1919లో ఆయన తొలి కవితా సంపుటి మారుపేరుతో వెలువడింది. అందులో దేవుని మీద మండిపాటు కనిపిస్తుంది. ఈ లోకం ఇంత క్రూరంగా, ఇంత అన్యాయంగా ఉంది గనుక దేవుడు లేడన్నది ఆయన ప్రధాన వాదం. దేవుడు లేడని నమ్ముతూనే, లేనందుకు ఆయన మీద కోపగించుకున్నాడు. లేనివాడు ఇలాంటి లోకాన్ని ఎందుకు సృష్టించాడని కూడా కోపగించుకున్నాడు! ఆ వైరుధ్యాన్ని తానే ఒకనాడు గమనించాడు. కొట్టులో తూకం మోసమని గొడవపడాలంటే అసలైన కిలో రాయి ఒకటి ఎక్కడో ఉండాలి కదా. లోకం అన్యాయమని నిందించడానికి తనకు న్యాయమనే కొలత ఎక్కడినుంచి వచ్చింది? అది తన సొంత ఇష్టాయిష్టమే అయితే దేవుని మీద మోపిన నేరం వీగిపోతుంది. తన ఇష్టం కాదు, నిజంగానే న్యాయమనేది ఉంటే, అర్థం పర్థం లేని లోకమన్న మాటే వీగిపోతుంది.

అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో మాడ్లిన్ కళాశాల అధ్యాపకుడు. తనకు తెలిసినవారిలోకెల్లా కరుడుగట్టిన నాస్తికుడొకాయన ఒక సాయంత్రం చలిమంట దగ్గర కూర్చుని, సువార్తల చారిత్రక ఆధారాలు ఆశ్చర్యంగా బలంగానే ఉన్నాయని యథాలాపంగా అని లేచి వెళ్లిపోయాడు. లూయిస్‌కు ఆ రాత్రి మనశ్శాంతి లేకుండా పోయింది. చివరికి 1929లో, తన గదిలో మోకరించి దేవుడున్నాడని ఒప్పుకున్నాడు. సంతోషంతో కాదు, ఇంకెటూ పారిపోలేని ఖైదీలా. క్రీస్తు దగ్గరికి రావడానికి మరో రెండేళ్లు పట్టింది. 1931 సెప్టెంబరులో టోల్కీన్, డైసన్ అనే ఇద్దరు మిత్రులు కళాశాల తోటలో తిరుగుతూ తెల్లవారుజాము దాకా ఆయనతో మాట్లాడారు. కొన్ని రోజులకు అన్నయ్య మోటారుసైకిల్ సైడుకారులో జూ చూడటానికి బయలుదేరాడు. బయలుదేరినప్పుడు యేసు దేవుని కుమారుడని నమ్మలేదు, జూ చేరేసరికి నమ్మాడు. ఆయన చెప్పింది అంతే. ఉరుములు, మెరుపులు ఏమీ లేవు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941 ఆగస్టు నుంచి, బీబీసీ రేడియోలో ఆయన చేసిన ప్రసంగాలే తర్వాత 1952లో 'మియర్ క్రిస్టియానిటీ' అనే పుస్తకమయ్యాయి. బైబిలు వచనంతో ఆయన మొదలు పెట్టలేదు. ఇద్దరు మనుషులు పోట్లాడుకునేటప్పుడు ఇద్దరూ ఒప్పుకున్న ఏదో ధర్మం ప్రకారమే ఒకరినొకరు తప్పు పడతారన్న మామూలు సంగతితో మొదలు పెట్టాడు. ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లోనూ దాని సారం రాసి ఉందని అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయంలో చెప్పిందీ అదే. నాస్తికుడికి నీతి ఉండదని లూయిస్ ఎన్నడూ వాదించలేదు. అతనికీ నీతి తెలుసు, అది ఎక్కడిదో చెప్పమన్నాడు.

విజ్ఞానశాస్త్రాన్ని కూడా ఆయన శత్రువుగా చూడలేదు. వస్తువులు ఎలా ప్రవర్తిస్తాయో సైన్సు చెబుతుంది, అసలు వస్తువులంటూ ఎందుకు ఉన్నాయో చెప్పడం దాని పని కాదన్నది ఆయన అభిప్రాయం. పరిణామ సిద్ధాంతాన్ని ఖండించే ఒక పుస్తకానికి ముందుమాట రాయమని ఒక క్రైస్తవ మిత్రుడు అడిగితే మర్యాదగా తప్పుకున్నాడు. మనలో కొందరికి ఇది రుచించకపోవచ్చు. ఆయన భయమంతా వేరు. నీతి అనేది కేవలం మనోభావమేనని తేల్చేస్తే, సైన్సు చేతికి వచ్చిన కొద్దిమంది మిగతా మనుషులను తమకు నచ్చినట్టు మలుస్తారని 1943లో 'ది అబాలిషన్ ఆఫ్ మ్యాన్' అనే పుస్తకంలో హెచ్చరించాడు. హిట్లర్ ఇంకా బతికున్న రోజులవి.

దీనికి గట్టిగా ఎదురు నిలిచినవాడు ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త, నాస్తికుడు, కమ్యూనిస్టు అయిన జె.బి.ఎస్.హాల్డేన్. లూయిస్ తన నవలల్లో శాస్త్రవేత్తలను దుర్మార్గులుగా చిత్రించి నిందిస్తున్నాడని 1946లో 'మోడరన్ క్వార్టర్లీ' పత్రికలో దుమ్మెత్తి పోశాడు. లూయిస్ జవాబు రాశాడు. తన గురి శాస్త్రవేత్తల మీద కాదు, అదుపులేని అధికారం మీద అన్నాడు. దేవుని పేరు చెప్పి మతపెద్దలు చేసే పరిపాలన అన్నిటికంటే చెడ్డదని కూడా అందులో రాశాడు. కానీ దాన్ని అచ్చుకు పంపకుండా బల్ల సొరుగులో పెట్టేశాడు.

ఇందులో ఒక విచిత్రముంది. మన ఆలోచనలన్నీ మెదడులోని అణువుల కదలికలే అయితే అవి సత్యమని నమ్మడానికి ఆధారముండదని 1927లో అచ్చయిన ఒక వ్యాస సంపుటిలో రాసింది ఈ హాల్డేనే. 1947లో అద్భుతాల మీద పుస్తకం రాసినప్పుడు లూయిస్ ఆ వాక్యాన్నే ఎత్తి చూపి, కేవలం ప్రకృతే సమస్తం అనే వాదాన్ని కొట్టాడు. ఆ వాదాన్ని పడగొట్టినదెవరు? నాస్తికులు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో సోక్రటిక్ క్లబ్ అని ఒకటుండేది. ఆస్తికులు, నాస్తికులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకునే వేదిక అది. 1954 దాకా లూయిస్ దానికి అధ్యక్షుడు. 1948 ఫిబ్రవరి 2న అక్కడ ఎలిజబెత్ ఆన్స్‌కోంబ్ అనే 28 ఏళ్ల క్యాథలిక్ తత్త్వవేత్త, భక్తిగల విశ్వాసి, ఆ అధ్యాయంలోని లోపాన్ని విప్పి చూపింది. కొడుకు ఫస్టుక్లాసులో పాసవుతాడని తల్లి అన్నప్పుడు, అది కేవలం మమకారం కొద్దీ అన్న మాటని తెలిస్తే దాని విలువ తగ్గుతుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మెదడులో ఏదో రసాయన చర్య జరిగిందని తెలిసినంతమాత్రాన తగ్గదు. ఈ రెండు కారణాలనూ లూయిస్ కలిపేశాడన్నది ఆమె అభ్యంతరం.

విశ్వాసులూ, అవిశ్వాసులూ నిండిన సభలో, తన సొంత వేదిక మీద, తోటి క్రైస్తవురాలి చేతిలో ఎదురుదెబ్బ! ఆయన బాగా కుంగిపోయాడని కొందరు స్నేహితులు రాశారు, ఆన్స్‌కోంబ్ మాత్రం తనకలా అనిపించలేదన్నది. ఏదేమైనా ఆమె చెప్పినదాంట్లో నిజముందని గ్రహించి 1960 నాటి ముద్రణలో ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. ఆ సవరణలో ఆయన నిజాయితీ కనిపిస్తోందని ఆమె తర్వాత మెచ్చుకుంది. నిజానికి ఈ ప్రమాదం ఆయనకు ముందే తెలుసు. 1945లో వేల్స్‌లో పాదిరులతో మాట్లాడుతూ, తాను అప్పుడే వాదించి గెలిచిన సిద్ధాంతమే తనకు అన్నిటికంటే డొల్లగా కనిపిస్తుందని, వాదన అయిపోయాక క్రీస్తు దగ్గరికే పారిపోవాలని చెప్పాడు.

ఆ మాటకు పరీక్ష ముసలితనంలో ఎదురైంది. జాయ్ డేవిడ్‌మన్ అమెరికా యూదు కుటుంబంలో పుట్టింది, ఒకప్పుడు నాస్తికురాలు. లూయిస్ పుస్తకాలు కూడా ఆమెను విశ్వాసం వైపు నడిపాయి. 1957 మార్చిలో, కేన్సర్‌తో ఆసుపత్రి మంచం మీద ఉన్న ఆమెను పాదిరిగారి ఎదుట పెళ్లాడాడు. ప్రార్థనలు జరిగాయి. ఈసారి జబ్బు తగ్గుముఖం పట్టింది, ఆమె లేచి నడిచింది. కొంతకాలం తర్వాత తిరగబెట్టింది. 1960 జులై 13న జాయ్ చనిపోయింది. అమ్మను తీసుకుపోయిన జబ్బే భార్యనూ తీసుకుపోయింది. 1940లో బాధ అనే సమస్య మీద చక్కని పుస్తకం రాసి ఎందరికో సమాధానం చెప్పిన మనిషి, ఇప్పుడు దేవుడు తలుపు మూసి గడియ పెట్టుకున్నాడని నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. ఈసారి ఆయన భయం దేవుడు లేడేమోనని కాదు, ఉండి క్రూరుడేమోనని. యోబులాగా ఆయన ప్రశ్నలు దాచలేదు, ప్రార్థన మానలేదు. నెమ్మదిగా, తలుపు గట్టిగా బాదినవాడికి తన బాదుడే వినిపిస్తుంది తప్ప లోపలి మాట వినపడదని తోచింది. ఆ రాతలను 1961లో మారుపేరుతో అచ్చు వేయించాడు.

1963 నవంబరు 22న, 65 ఏళ్లు నిండటానికి వారం ముందు, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి తన ఇంట్లో లూయిస్ మరణించాడు. అదే రోజు అమెరికాలో కెన్నెడీ హత్య జరగడంతో ఆ వార్త పెద్దగా ఎవరికీ తెలియలేదు. ఆయన్ను అంతగా ఖండించిన హాల్డేన్ 1957లోనే భారతదేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మని ముందే రాసిపెట్టాడు. దాన్ని మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు తీసుకొచ్చారు. హాల్డేన్‌కు లూయిస్ రాసిన జవాబు ఆయన కాగితాల్లో దొరికి 1966లో అచ్చయింది. చదవడానికి అప్పటికి ఇద్దరిలో ఎవరూ లేరు.