గురి తప్పితే పల్లెకే ముప్పు: నరభక్షక పులుల వేటగాడు ఆండర్సన్ జీవితం

కృత్తివెన్ను: కృత్తివెన్ను తీర గ్రామాల్లో పెద్దపులుల భయం లేదు. చేపల చెరువుల గట్లపై రాత్రివేళ తిరిగే బావురుపిల్లి మనిషి అలికిడికే తప్పుకుంటుంది. అడవిని ఆనుకున్న పల్లెల పరిస్థితి వేరు. క్రూరమృగం ఎదురైతే ఎటువంటి తుపాకీ, ఎటువంటి తూటా అక్కరకు వస్తాయన్నది అక్కడ ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఆ ప్రశ్నతోనే జీవితమంతా గడిపిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ తెలుగు నేలపైనే పుట్టారు.

సికింద్రాబాద్ సమీపంలోని బొల్లారంలో 1910 మార్చి 8న స్కాటిష్ మూలాలున్న కుటుంబంలో ఆయన జన్మించారు. బెంగళూరులో చదువుకుని, అక్కడి విమాన కర్మాగారంలో ఉద్యోగం చేశారు. బాల్యంలో తండ్రి వల్ల అబ్బిన వేట అలవాటు ఆయనను దక్షిణాది అడవులన్నింటా తిప్పింది. నరభక్షక పులులు, చిరుతలు పల్లెలను పీడించినప్పుడు ఆయనకు కబురు వచ్చేది. చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షక పులి కోసం సాగించిన వేటను 1954లో వెలువడిన తొలి గ్రంథంలోనే వివరించారు.

చిరకాలం ఆయన చేతిలో ఉన్నది 1895 నమూనా వించెస్టర్ రైఫిల్. లీవరుతో పనిచేసే ఈ తుపాకీ తూటా వ్యాసం సుమారు 0.41 అంగుళం, బరువు దాదాపు 19 గ్రాములు. పులి, చిరుత వంటి జంతువులకు మొన మెత్తగా ఉన్న తూటా అనువైనది. అది దేహంలో విచ్చుకుని బలాన్ని అక్కడే వదులుతుంది. ఏనుగు వంటి మందపాటి ఎముకల జంతువుకు లోతుగా దిగే గట్టి తూటా అవసరం. పిట్టల వేటకు వాడే చిన్న రవ్వలు పెద్ద మృగాన్ని చంపలేవు, గాయపరుస్తాయి. చీకట్లో గురి కుదరడానికి ఆండర్సన్ రైఫిల్‌కు టార్చిలైటు అమర్చుకునేవారు.

గాయంతో తప్పించుకున్న మృగమే అన్నిటికన్నా ప్రమాదకరమని ఆయన అనుభవం చాటింది. తెలుగువారు అధికంగా ఉన్న హోసూరు ప్రాంతంలోని జౌలగిరి ఆడపులి ఇందుకు నిదర్శనం. తుపాకీ దెబ్బ తిన్న తర్వాత సహజమైన వేట సాగక అది మనుషులపై పడిందని ఆయన రాశారు. అందువల్ల తూటా ఎంత పెద్దదైనా ప్రాణస్థానం కనిపించే వరకు ఆగడం, గాయపడిన జంతువును వెంటాడి బాధ్యత ముగించడం వేటగాడి ధర్మమని ఆయన భావించారు.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆయన 8 చిరుతలను, 7 పులులను హతమార్చారు. అవన్నీ నరభక్షకాలే. అదే వ్యక్తి తరువాతి కాలంలో వన్యప్రాణుల సంరక్షణను గట్టిగా కోరారు. 1974 ఆగస్టు 30న బెంగళూరులో కన్నుమూశారు.

అప్పటికి రెండేళ్ల ముందే, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన పులిని, చిరుతను సైతం రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఉత్తర్వు లేనిదే వేటాడరాదు. తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. కృత్తివెన్ను చెరువుల వద్ద కనిపించే బావురుపిల్లి కూడా ఆ చట్టం మొదటి షెడ్యూలులోనే ఉంది. చేపలు తింటోందన్న కోపంతో దానిపై తుపాకీ ఎత్తడం నేరం. మృగం కనబడితే అటవీ శాఖకు కబురు చేయడమే రైతుకు శ్రేయస్కరం.