గూడవల్లి రామబ్రహ్మము

పల్నాటి సీమలో నాగులేటి యొడ్డున కారెంపూడి యను గ్రామము గలదు. ఏటేట కార్తిక మాసపు అమావాస్యనాడు అచ్చటి వీరుల గుడియొద్ద ఉత్సవము ప్రారంభమగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఐదు దినములు అది జరుగును. పూర్వపు వీరుల ఆయుధములకు పూజలు చేయుదురు. వీరవిద్యావంతులు వారి కథను గానము చేయుచుండగా జనులు తెల్లవారువరకు కూర్చుండి విందురు. ఆ కథను శ్రీనాథ మహాకవి ద్విపద కావ్యముగా రచించెనని ప్రసిద్ధి. 1911వ సంవత్సరమున అక్కిరాజు ఉమాకాంతము ఆ కావ్యమును పరిష్కరించి అచ్చు వేయించెను. అంతవరకు చెవులకు మాత్రమే తెలిసిన కథ చదువరుల కన్నులకును తెలిసెను.

ఆ వీరులు కదలుచు, మాటలాడుచు తెరమీద కనబడినది మాత్రము 1947లో. ఆ చిత్రమును తలపెట్టినవాడు పల్నాటివాడు కాడు. ఆయన కృష్ణా జిల్లావాడు. దానిని పూర్తిచేసి చూచుకొను భాగ్యమును ఆయనకు దక్కలేదు. ఆయనయే గూడవల్లి రామబ్రహ్మము.

రామబ్రహ్మము 1902లో కృష్ణా జిల్లాలోని నందమూరు గ్రామమున జన్మించెను. చిత్రరంగమునకు రాకపూర్వము ఆయన పత్రికా సంపాదకుడు. చెన్నపట్టణమునుండి ప్రజామిత్ర యను పత్రికను నడపెను. పత్రిక నడపువానికి రెండు సంగతులు తెలిసియుండవలెను. జనులు ఏమి చదువ గోరుదురో తెలియవలెను. వారు చదువ గోరకపోయినను చెప్పవలసినది ఏదియో అదియును తెలియవలెను. రామబ్రహ్మమునకు రెండవది మరింత బాగుగా తెలియునని ఆయన తీసిన చిత్రములను చూచినవారు ఒప్పుకొందురు.

తెలుగున మొదటి టాకీ చిత్రమైన భక్తప్రహ్లాద 1932లో వెలువడెను. పిమ్మట కొన్నియేండ్లవరకు తెరమీద కనబడినవారు దాదాపుగా దేవతలు, రాజులు, ఋషులు, రాక్షసులు. నాటకశాలలో ఆడుచున్న నాటకమును తెచ్చి యంత్రము ముందుంచి ఫిల్ము తీయుటయే ఆనాటి పద్ధతి. నటుడు పద్యమెత్తుకొని రాగము తీయుచుండగా కథ నిలిచిపోవుచుండెను. ప్రేక్షకులకు అది అలవాటే గనుక విసుగు కలుగలేదు. 1936లో ప్రేమవిజయము అను సాంఘిక చిత్రము వచ్చినదిగాని జనులు దానిని అంతగా ఆదరింపలేదు. సాంఘిక కథకు డబ్బు పెట్టుట ఏటిలో పోయుటయే యని వర్తకులు తీర్మానించుకొనిరి.

అట్టి దినములలో రామబ్రహ్మము సారథి యను సంస్థ పక్షమున మాలపిల్ల యను చిత్రమును తలపెట్టెను. చల్లపల్లి జమీందారగు యార్లగడ్డ శివరామప్రసాదు ఆ సంస్థకు అండగా నిలిచెను. కథ గుడిపాటి వేంకటచలముది. మాటలు తాపీ ధర్మారావు వ్రాసెను. 1933లోనే స్వర్గస్థుడైన కవి బసవరాజు అప్పారావు గేయములు కొన్ని ఆ చిత్రమున వాడబడెను. సంగీతము భీమవరపు నరసింహారావు కూర్చెను.

ఆ కాలపు సంగతి కొంత తెలిసినగాని ఈ సాహసపు కొలత తెలియదు. ఆనాడు హరిజనులని పిలువబడిన జనులకు అనేక గ్రామములలో దేవాలయ ద్వారము మూసియుండెను. ఊరి బావి వారిది కాదు, చెరువునీరు ముట్టరాదు. 1933 డిసెంబరులో గాంధీజీ అస్పృశ్యతా నివారణమునకై ఆంధ్రదేశమున పర్యటించెను. 1936లో తిరువాన్కూరు మహారాజు తన రాజ్యములోని దేవాలయములలో ఎల్లరకును ప్రవేశము కల్పించెను. దేశమంతట ఈ విషయమై వాదములు చెలరేగుచుండెను. రామబ్రహ్మము ఆ వాదమును సభలనుండి సినిమాహాలులోనికి తెచ్చెను.

కథ కల్యాణపురమను గ్రామమున నడచును. ఆలయ ధర్మకర్త సుందరరామశాస్త్రి ఆచారపరుడు. ఆయన కుమారుడు నాగరాజు, మాలపల్లెలోని శంపాలత యను కన్యను ప్రేమించును. ఆలయప్రవేశమునకై హరిజనులు పట్టుపట్టుదురు; కూలిపనులు మానుదురు. శాస్త్రి భార్య మంటలలో చిక్కుకొన్నప్పుడు ఆమెను కాపాడినవాడు ఆయన గడప తొక్కనీయని జాతివాడే. అంతట శాస్త్రి మనస్సు మారును. శంపాలతగా కాంచనమాల నటించెను. సుందరరామశాస్త్రిగా డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు నటించెను. ఈ సుబ్బారావు పేరు పాఠకులు గుర్తుంచుకొనవలెను.

తాపీ ధర్మారావు పండితుడు. అయినను ఆయన ఈ చిత్రమునకు నాటకపు భాషను వాడక, జనులు ఇండ్లలో మాటలాడుకొను తెలుగునే వ్రాసెను. వినువారికి మొదట వింతగా తోచినను, తెరమీది మనుష్యులు తమ ఊరివారే యన్న భావము దానివలననే కలిగెను. 1938 సెప్టెంబరులో చిత్రము విడుదలయ్యెను. అది ఘనవిజయము పొందెను. బ్రాహ్మణులు వచ్చినచో టిక్కెట్టు లేకుండ చూపబడునని ప్రకటించిరనియు, అట్లు వెళ్ళి చూచిన కొందరు యువకులు ఇంటికి వచ్చి స్నానము చేసి శుద్ధి పొందిరనియు చెప్పుకొందురు. ఈ ముచ్చట నిజమైనను కాకున్నను, ఆనాటి మనస్సుల తీరును చక్కగా తెలుపుచున్నది.

లాభము వచ్చిన దారినే మరల నడచుట వ్యాపారుల లక్షణము. రామబ్రహ్మము అట్లు చేయక, మరింత కష్టమైన విషయమును చేపట్టెను. మరుసటి సంవత్సరమే రైతుబిడ్డ యను చిత్రము తీసెను. ఆ కాలమున జమీందారీ గ్రామములలో రైతు తాను దున్నిన భూమికి హక్కుదారు కాడు. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గమున రెవెన్యూ మంత్రియగు టంగుటూరి ప్రకాశము అధ్యక్షతను ఒక సంఘము జమీందారీల పరిస్థితిని విచారించుచుండెను. పల్లెలలో రైతుసంఘములు బలపడుచుండెను. సరిగా ఆ సమయమున ఒక రైతు జమీందారు నెదిరించి నిలిచిన కథను రామబ్రహ్మము చెప్పెను. అందలి రైతు నరసిరెడ్డిగా బళ్ళారి రాఘవ నటించెను. రాఘవ వృత్తిచేత న్యాయవాది; నాటకరంగమున ఆయనకు దేశమంతట పేరుండెను. త్రిపురనేని గోపీచంద్ సంభాషణలు వ్రాసెను. కొసరాజు రాఘవయ్య పాటలు వ్రాసెను. తరువాతి కాలమున జానపద ధోరణిలో ఎన్నో సినిమాపాటలు వ్రాసి ప్రసిద్ధుడైన కొసరాజునకు ఇదియే ఆరంభము. వేదాంతము రాఘవయ్య నృత్యమును ఇందు గలదు.

జమీందారులకు కోపము వచ్చెను. బొబ్బిలి, వేంకటగిరి సంస్థానములనుండి న్యాయవాదుల నోటీసులు వచ్చెను. కొన్నిచోట్ల చిత్రము నిషేధింపబడెను. ఇందొక విచిత్రమును గమనింపవలెను. జమీందారుల ఆగ్రహమునకు గురియైన ఈ చిత్రమును నిర్మించిన సంస్థకు అండ ఒక జమీందారే. చల్లపల్లి ప్రభువు ఏ యాలోచనతో దీనికి సమ్మతించెనో గాని, సమ్మతించుట సామాన్యము కాదు. జమీందారీలు రద్దగుటకు మదరాసు ప్రభుత్వము చట్టము చేసినది 1948లో. చిత్రము దానికి తొమ్మిదియేండ్ల ముందుది.

నిషేధమువలన నష్టపడునది నిర్మాత ఒక్కడే కాడు. ఒక చిత్రము ఆగినచో తరువాతి చిత్రమునకు పెట్టుబడి దొరకదు. ఇటుపిమ్మట రామబ్రహ్మము 1940లో ఇల్లాలు, 1941లో అపవాదు, 1943లో పంతులమ్మ మున్నగు చిత్రములు తీసెను. ఈ మూడును సాంఘికములే. అయినను తొలి రెండింటి వాడి వీనిలో కనబడదని చెప్పక తప్పదు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిలులో జపానువారు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసిరి. చెన్నపట్టణమునుండి వేలకొలది జనులు ఊళ్ళకు తరలిపోయిరి. స్టూడియోలలో పనులు నిలిచెను. ముడిఫిల్ము విదేశములనుండి రావలసియుండెను గనుక అది దొరకుట దుర్లభమయ్యెను. చిత్రపు నిడివి 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. టాకీ యంత్రములో నిమిషమునకు తొంబది అడుగుల ఫిల్ము నడచును. ఆ లెక్కను చూచినచో చిత్రము రెండు గంటలలో ముగియవలెను. మూడేసి గంటల చిత్రములకు అలవాటుపడిన తెలుగు నిర్మాతలకు ఇది గొప్ప చిక్కు. ఏ పాటను తీసివేయవలెను, ఏ రంగమును కుదింపవలెనని వారు తలలు పట్టుకొనిరి.

1945లో రామబ్రహ్మము కాంభోజరాజు కథను ఆధారముగా గొని మాయాలోకము అను జానపద చిత్రము తీసెను. జనులు ఆదరించిరి. అక్కినేని నాగేశ్వరరావు అను యువకుడు అందు నటించెను. అప్పటి కాయన వయస్సు ఇరువది దాటి ఎంతయో కాలేదు. మాయలు, మంత్రములు గల ఈ కథకును రైతుబిడ్డకును సంబంధమేమి యని అడిగినవారు ఉండిరేమో. పెట్టుబడి మరల సంపాదించుకొనుటకు అదియొక మార్గమై యుండును. యుద్ధము ముగిసెను; ఫిల్ము కట్టడి సడలెను. అంతట రామబ్రహ్మము పల్నాటి కథను చేపట్టెను.

ఎందుకు పల్నాటి కథ? కత్తులు, కోడిపందెములు, వీరమరణములు గలవు గనుక జనులకు నచ్చునని కొందరందురు. అది నిజమే. కాని మాలపిల్ల తీసినవాని కన్ను ఆ కథలో మరియొకచోట నిలిచియుండునని తోచును. పండ్రెండవ శతాబ్దిలో పల్నాటిని సవతి సోదరులగు నలగామరాజు, మలిదేవరాజులు పంచుకొనిరి. గురజాల నలగామునిది, మాచర్ల మలిదేవునిది. మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు కులభేదము లేక ఎల్లరను ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. దానినే చాపకూడు అందురు. మాల కులజుడైన కన్నమదాసును ఆయన కుమారునిగా స్వీకరించి, సేనలో ఉన్నతస్థానమిచ్చెను. ఎనిమిది వందల యేండ్లకు ముందు పల్నాట జరిగినట్లు చెప్పబడు ఆ భోజనమే 1938లో కల్యాణపురపు ఆలయ ద్వారమున జరిగిన తగవునకు సమాధానము. ఆ రెండు చిత్రములకు నడుమ గల దారి ఇదియేయని నా అభిప్రాయము.

చిత్రమునకు సముద్రాల రాఘవాచార్య మాటలు వ్రాసెను. గాలిపెంచల నరసింహారావు సంగీతము కూర్చెను. నలగామరాజు కొలువున మంత్రిణియగు నాగమ్మ పాత్రకు కన్నాంబను ఎన్నుకొనిరి. కన్నాంబ అంతకు మునుపు చంద్రమతిగా, ద్రౌపదిగా కన్నీరు కార్చి జనులను ఏడిపించిన నటి. ఈమారు కత్తికంటె పదునైన బుద్ధి గల రాజకీయవేత్రిగా ఆమె కనబడవలెను. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రునిగా నాగేశ్వరరావును, భర్తను యుద్ధమునకు సాగనంపిన మాంచాలగా వరలక్ష్మిని నియమించిరి. మరి బ్రహ్మనాయుడెవరు? డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు. మాలపిల్లలో హరిజనులకు ఆలయద్వారము మూసిన శాస్త్రియే ఇందు చాపకూడు పెట్టించు నాయుడు. ఒకే నటుని ముఖమున ఆ రెండు రూపములను చూచుట ఆనాటి ప్రేక్షకులకు ఎట్లుండెనో ఊహింపవచ్చును.

యుద్ధచిత్రము తీయుట సాంఘిక చిత్రము తీసినట్లు కాదు. ఇంటి వసారాలో నలుగురు మాటలాడుకొను రంగమునకు దీపములు నాలుగు చాలును. పోరు చూపవలెనన్నచో గుఱ్ఱములు, ఆయుధములు, ఆనాటి దుస్తులు, వందలకొలది జనము కావలెను. ఆ జనములో ఒక్కడు యంత్రమువైపు చూచి నవ్వినచో తీసిన ఫిల్ము వ్యర్థము. ఇట్టి శ్రమకు దిట్టమైన దేహము కావలెను. రామబ్రహ్మమునకు అది లేకపోయెను. చిత్రము సగములో నుండగనే ఆయన జబ్బుపడెను. 1946 అక్టోబరు 1వ తేదీన, నలువదినాలుగేండ్ల వయస్సున, మరణించెను. రైతుబిడ్డలో నటించిన బళ్ళారి రాఘవయు ఆ సంవత్సరముననే గతించెను.

తీసిన ఫిల్ము కొంత, తీయవలసినది కొంత. దర్శకుడు లేడు. ఒకడు ఊహించుకొన్న బొమ్మను మరియొకడు పూర్తిచేయుట ఎంత కష్టమో చిత్రకారులకు తెలియును. పాత్రల నడక, మాట తీరు మారరాదు, అతుకు కనబడరాదు. ఈ పనికి ఎల్.వి. ప్రసాదు పూనుకొనెను. ఆయన 1931లో వెలువడిన దేశపు మొదటి టాకీ ఆలం ఆరాలో చిన్న వేషము వేసినవాడు. 1946లోనే గృహప్రవేశము అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. ఆయన మిగిలిన భాగమును తీసి పల్నాటియుద్ధమును పూర్తిచేసెను. 1947 సెప్టెంబరులో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కొలది వారములకు, రామబ్రహ్మము పోయి ఏడాది నిండవచ్చిన సమయమున, అది విడుదలయ్యెను. కారెంపూడి రణభూమిలో బాలచంద్రుడు నేలకొరుగు దృశ్యమును తెలుగువారు చీకటి హాళ్ళలో కూర్చుండి చూచిరి.

రెండేండ్లకు, 1949లో, ఎల్.వి. ప్రసాదు తీసిన మనదేశములో నందమూరి తారక రామారావు అను యువకుడు మొదటిమారు తెరమీద కనబడెను. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వమున పల్నాటి కథ మరల చిత్రముగా వచ్చినప్పుడు భానుమతి నాగమ్మగా నటించెను. బ్రహ్మనాయుని వేషము ధరించినవాడు ఆ రామారావే.