క్రొత్తవారికి స్నేహితుడు: బిషప్ అజరయ్యగారి జీవితము

పరిగి ప్రాంతమునుండి ఏటేట కొందరు విద్యార్థులు పై చదువులకై వికారాబాదునకును హైదరాబాదునకును పోవుచున్నారు. ముఖమెరుగనివారి నడుమ వసతిగృహమున గడపు తొలి దినములు కష్టమైనవి. అట్టి క్రొత్తవారిని క్రైస్తవ విద్యార్థులు తమ సహవాసమున ఎట్లు చేర్చుకొనవలెనో బోధించు జీవితమొకటి యున్నది. దానిని ఇచ్చట క్లుప్తముగా వ్రాయుచున్నాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలో ఒక గ్రామ పాదిరిగారికి కుమారులుగా జన్మించిరి. 1889లో తండ్రి గతించెను. బోర్డింగు పాఠశాలలో నుండగనే వీరు తోడి బాలురలోని కులభేదములను పోగొట్టుటకు ఒక చిన్న సమాజమును ఏర్పరచిరి. పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి; కాని పరీక్షా సమయమున జబ్బుపడుటచే బి. ఏ. పట్టము పొందలేదు.

పట్టము లేకున్నను పని దొరకెను. 1895లో వీరు వై. యం. సి. ఏ. కార్యదర్శి అయిరి. పల్లెలు విడిచి పట్టణమునకు వచ్చిన యువకులకు స్నేహమును, బైబిలు పఠనమును, ఆటలను సమకూర్చుట ఆ సమాజము పని. 1896లో అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీగారు వీరికి ప్రాణస్నేహితులైరి. దొర యనియు దేశీయుడనియు భేదము లేక ఇరువురును కలిసి ప్రయాణము చేసి, కలిసి పనిచేసిరి.

1909లో అజరయ్యగారు ఆ పదవిని విడిచి, పాదిరిగా నియమింపబడి, నిజాము రాజ్యములోని డోర్నకల్లునకు వచ్చిరి. క్రొత్తవారిని చేర్చుకొనుచుండిన వారు ఇప్పుడు తామే తెలుగు దేశమునకు క్రొత్తవారైరి. మన భాషను నేర్చుకొనిరి.

మరుసటి సంవత్సరము ఎడింబరో నగరమున జరిగిన లోక మిషనరీ మహాసభలో వీరు ధైర్యముతో మాటలాడిరి. మిషనరీలు ధనమును, ప్రాణమును సహా ఇచ్చుచున్నారు గాని దేశీయ సేవకులను తమ బల్లయొద్దకు పిలుచుట అరుదనియు, మాకు కావలసినది స్నేహమే యనియు విన్నవించిరి. అది విని కొందరు నొచ్చుకొనిరి. అయినను ఆ మాట నేటికిని మరువబడలేదు.

1912 డిశంబరు 29న వీరు ఆంగ్లికను సంఘమందు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి. మాలలు మాదిగలు ఒకరితో నొకరు భుజింపని ఆ దినములలో, ప్రభువు బల్లయొద్ద కులము చెల్లదని బోధించిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్లు దేవాలయమును ఈ దేశపు శిల్పరీతిని కట్టించిరి. దేవుని మందిరములో తెలుగువాడు పరదేశి కాకూడదు గదా! 1945 జనవరి 1న ఆ ఊరనే ప్రభువునందు నిద్రించిరి.

ప్రియ విద్యార్థులారా, క్రొత్తవాడు మీ వసతిగృహమునకు వచ్చిన దినమున మొదట చేతికి కరపత్రమీయకుడి. అతని పెట్టె మోయుడి. భోజనశాలకు తోడు తీసికొనిపోయి, అతని ప్రక్కనే కూర్చుండి తినుడి. కులమడుగవద్దు. ప్రార్థన కూటమునకు పిలువుడి. రాకపోయినను మరునాడును అతని ప్రక్కనే కూర్చుండుడి. సభ్యుల లెక్క పెంచుటకై చేసిన స్నేహమును క్రొత్తవాడు త్వరగానే కనిపెట్టును. ఫలము కోరని స్నేహమే అజరయ్యగారు అడిగినది. దానిని ఇచ్చు కృపను దేవుడు మన బాలబాలికలకు దయచేయును గాక.